ఎవరూ చూడని వేళ నడిచే స్క్రిప్ట్

క్యోటోలో సాయంత్రం 5 గంటల 32 నిమిషాలు. తేదీ 2021 డిసెంబరు 14. డిసెంబరులో ఆ ఊళ్లో ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి క్యోటో యూనివర్సిటీ చుట్టూ అప్పుడే చీకటి పడింది. మీరు నిలబడాల్సిన చోటు ఆ వీధి కాదు, ఆ యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ ఉన్న గదీ కాదు. ఇంకా లోపలికి రండి. అక్కడ బాష్ అనే ప్రోగ్రాము ఒక స్క్రిప్టును చదువుతోంది. రెండో తరగతి పిల్లాడు వాచకం మీద వేలు పెట్టి చదివినట్టు ఒక్కో వరుస చదువుతుంది, ఆ పని చేస్తుంది, మళ్లీ వేలు ముందుకు జరుపుతుంది. ఆ వేలి పక్కన నిలబడండి.

ఆ స్క్రిప్టు చేసే పని ఏ సర్వర్‌లో చూసినా కనిపించేదే. ఫైళ్లకు బ్యాకప్ తీస్తుంది. పది రోజులు దాటిన పాత లాగ్ ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో వెతికి తుడిచేస్తుంది. ఆ వ్యవస్థను చూసుకునే హెచ్‌పీఈ సంస్థ వాళ్లు దాన్ని ఇంకాస్త చదవడానికి వీలుగా సవరించారు. మంచి పనే. సవరించినదాన్ని పాత ఫైలు మీదే రాసేశారు. అప్పటికి పాత స్క్రిప్టు ఇంకా నడుస్తోంది.

వేలు జరుగుతుంది. తర్వాతి వరుస కోసం బాష్ ఫైలులోకి చూస్తే అక్కడ పాత వరుస లేదు, కొత్తది ఉంది. అందులో ఒక వేరియబుల్ పేరుంది. ఆ పేరుకు విలువ ఇచ్చే వరుసను బాష్ చదవనేలేదు. మనిషైతే ఆగి, ఇదేమిటని అడిగేవాడు. బాష్ అడగదు. తెలియని పేరు ఎదురైతే దాని విలువ ఖాళీ అనుకుని ముందుకు పోతుంది. లాగ్ ఫైళ్ల కోసం వెతకాల్సిన ఫైండ్, లార్జ్ జీరో అనే ఫైల్ సిస్టమ్ మీద పడింది. పరిశోధకుల డేటా ఉన్నది అక్కడే.

16వ తేదీ మధ్యాహ్నం 12 గంటల 43 నిమిషాల దాకా ఫైళ్లు పోతూనే ఉన్నాయి. అంటే 43 గంటల పైమాటే. 77 టెరాబైట్లు, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. 14 పరిశోధన బృందాలు నష్టపోతే, వాటిలో 4 బృందాల డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. పోయినవి ఏవంటే, డిసెంబరు 3 సాయంత్రం 5:32 తర్వాత ఎవరూ మార్చని ఫైళ్లు. ఈ వివరం దగ్గర కాసేపు ఆగండి. రోజూ తెరిచి రాస్తున్న ఫైళ్లు బతికాయి. లెక్క పూర్తయింది, ఇక మార్చనక్కర్లేదని పక్కన పెట్టుకున్న ఫలితాలు పోయాయి. తప్పు నూటికి నూరుపాళ్లూ తమదేనని హెచ్‌పీఈ రాసిచ్చింది.

ఇప్పుడు వెనక్కి వచ్చేయండి. హైదరాబాద్ మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు. మీ ముందు టెర్మినల్ తెరిచి ఉంది, నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. మీరు రాయబోయేదీ అలాంటి స్క్రిప్టే: రోజూ రాత్రి బ్యాకప్ తీసి, పాత లాగ్‌లు తుడవాలి. రాయడం మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బాష్ లాంటి షెల్ తయారైంది మనిషి ఎదురుగా కూర్చుని వాడడానికి. ఒక కమాండ్ తప్పితే తెర మీద కనిపిస్తుంది, మనిషి చూసుకుంటాడు, కాబట్టి షెల్ ఆగనక్కర్లేదు. పేరు ఖాళీగా ఉంటే మనిషికి తెలుస్తుంది, కాబట్టి షెల్ అడగనక్కర్లేదు. స్క్రిప్టు నడిచేది మాత్రం ఆ మనిషి లేచి ఇంటికి వెళ్లిపోయాక. అతని కళ్లు చేయాల్సిన పనిని మనం ముందే వరుసల్లో రాసిపెట్టాలి. ఈ రాత్రి మనం చేయబోయేదంతా అదే.

ముందు ఆ వేలి సంగతి మీ కళ్లతో చూడండి. ఒక ఖాళీ ఫైలులో మూడు వరుసలు రాయండి. మొదటిది ఎకోతో ఒక మాట చూపిస్తుంది, రెండోది స్లీప్‌తో 30 సెకన్లు ఆగుతుంది, మూడోది ఎకోతో ఇంకో మాట చూపిస్తుంది. బాష్‌తో నడపండి. మొదటి మాట తెర మీదికి వచ్చింది. స్లీప్ మొదలైంది. ఇప్పుడు రెండో టెర్మినల్‌కి వెళ్లి, రెండు గ్రేటర్‌దేన్ గుర్తులతో అదే ఫైలు చివర నాలుగో వరుస చేర్చండి. మొదటి టెర్మినల్‌కి తిరిగి రండి. కర్సర్ మిణుకుమంటోంది. 30 సెకన్లు అయ్యాయి. మూడో వరుసలోని మాట వచ్చింది. దాని వెనకే, మీరు ఇప్పుడిప్పుడే రాసిన నాలుగోదీ వచ్చింది. నడపడం మొదలైనప్పుడు ఆ వరుస ఫైలులో లేనేలేదు.

ఈ పద్ధతి మూలాలు పాతవి. 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ మొదటి యూనిక్స్ షెల్ రాసినప్పుడు వాళ్ల పీడీపీ 11 యంత్రానికి ఉన్న మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. అందులో వాడేవాళ్ల ప్రోగ్రాములకు మిగిలేది 8 కిలోబైట్లే. స్క్రిప్టును ముందే పూర్తిగా చదివి దాచుకోవడం ఎవరి ఊహకూ అందేది కాదు. ఆ షెల్‌లో గోటూ అనేది షెల్ లోపలి మాట కూడా కాదు, బయట విడిగా ఉండే చిన్న ప్రోగ్రాము. స్క్రిప్టు ఫైలులో చదివే చోటును తానే జరిపి పక్కకు తప్పుకునేది. షెల్ మళ్లీ చదవబోతే వేలు కొత్త చోట ఉండేది. 1979లో స్టీవ్ బోర్న్ షెల్ వచ్చింది, 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ వచ్చింది. మెమరీ లక్షల రెట్లు పెరిగింది. వేలు పెట్టి చదవడం మాత్రం ఉండిపోయింది.

కాబట్టి మన స్క్రిప్టులో మొదటి జాగ్రత్త దాని ఆకారంలోనే ఉండాలి. పనంతా మెయిన్ అనే ఒక ఫంక్షన్ లోపల రాయండి. ఫైలు చివరి వరుసలో ఆ మెయిన్‌ను పిలవండి, అదే వరుసలో సెమీకోలన్ పెట్టి ఎగ్జిట్ రాయండి. ఫంక్షన్ ముగింపు బ్రాకెట్ కనబడేదాకా బాష్ చదివి తీరాలి, లేకపోతే దాన్ని అర్థం చేసుకోలేదు. అంటే పని మొదలయ్యేసరికి అంతా మెమరీలో ఉంటుంది. ఎగ్జిట్ అదే వరుసలో ఎందుకంటే, మెయిన్ ముగిశాక వేలు మళ్లీ ఫైలులోకి దిగకుండా. ఇందాకటి ప్రయోగం ఈ ఆకారంతో మళ్లీ చేసి చూడండి. నాలుగో వరుస రాదు.

రెండో జాగ్రత్త కొత్త స్క్రిప్టును సర్వర్‌లో పెట్టే తీరులో ఉంది. సీపీ కమాండ్ ఉన్న ఫైలు లోపలే కొత్త అక్షరాలు రాస్తుంది. నడుస్తున్న బాష్ కింద నేల మారిపోతుంది. దానికి బదులు అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో కొత్త ఫైలు పెట్టి, ఆ తర్వాత ఎంవీతో అసలు పేరుకు మార్చండి. అప్పుడు పేరు కొత్త ఫైలుకు చెందుతుంది. పాత ఫైలును తెరిచి చదువుతున్న బాష్ చేతిలో పాతదే చివరిదాకా ఉంటుంది. అదే ఫోల్డర్ అని ఎందుకన్నానంటే, ఎంవీ ఒకే ఫైల్ సిస్టమ్ లోపల అయితేనే ఒక్క వేటుకు పేరు మారుస్తుంది. రెండు ఫైల్ సిస్టమ్‌ల మధ్య అయితే నకలు తీసి పాతది తుడుస్తుంది, ఆ మధ్యలో సగం రాసిన ఫైలు అందరికీ కనిపిస్తుంది. బ్యాకప్ ఫైలు విషయంలోనూ ఇదే పాటించండి. తయారవుతున్నంతసేపూ తాత్కాలిక పేరు, పూర్తయ్యాకే అసలు పేరు.

ఇక ఫైలు తెరిచి మొదటి వరుస రాయండి. షెబాంగ్ అనే ఆ వరుసలో బాష్ అని స్పష్టంగా రాయండి, ఎస్‌హెచ్ అని కాదు. ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్. బాష్‌లో పనిచేసే అర్రేలు, జోడు బ్రాకెట్లు దానికి తెలియవు. ఆ కింద వరుసలో సెట్ రాసి, ఈ, యూ అనే రెండు ఆప్షన్లు, పైప్‌ఫెయిల్ పెట్టండి. యూ పని చూద్దాం. విలువ ఇవ్వని పేరు ఒకటి ఎకోతో చూపించమనండి. అన్‌బౌండ్ వేరియబుల్ అంటూ స్క్రిప్టు అక్కడికక్కడ ఆగిపోయింది. క్యోటోలో కావలసింది ఈ ఆగడమే.

అంతటితో తృప్తి పడవద్దు. ఇప్పుడు మిమ్మల్ని 2015 జనవరికి తీసుకెళ్తాను. లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును మొదలుపెట్టే స్క్రిప్టు మీ ముందుంది. అందులో స్టీమ్‌రూట్ అనే వేరియబుల్ ఉంది. దానికి విలువ ఎలా వస్తుందంటే, స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లి, వెళ్లగలిగితే ఆ చోటు పేరు తెచ్చుకుంటుంది. కొంత దూరం పోయాక ఒక వరుస వస్తుంది: ఆర్ఎం, ఆర్ఎఫ్, స్టీమ్‌రూట్, స్లాష్, స్టార్. ఆ వరుస పైన రాసినవాళ్లు ఒక కామెంటు పెట్టారు. ఒక్కటే మాట, భయంకరం అని. ఒక వినియోగదారుడు స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపాడు. సీడీ విఫలమైంది. స్టీమ్‌రూట్ ఖాళీ అయింది. ఖాళీ పక్కన స్లాష్, స్టార్. అంటే యంత్రంలో మొదటి మెట్టు నుంచి, అతనికి రాసే హక్కున్న ప్రతి ఫైలూ. అతుక్కుని ఉన్న బ్యాకప్ డిస్కులో ఉన్నవి కూడా పోయాయి.

ఇక్కడ యూ ఆప్షన్ పెట్టి ఉన్నా లాభం లేదని గమనించండి. స్టీమ్‌రూట్‌కు విలువ ఇచ్చారు, ఆ విలువ ఖాళీ, అంతే. యూ పట్టేది విలువే ఇవ్వని పేర్లను. ఆర్ఎం కమాండ్ ఒంటరి స్లాష్‌ను తుడవనని మొండికేస్తుంది గానీ, స్లాష్ స్టార్ అయితే షెల్ దాన్ని ముందే విప్పి పేర్ల జాబితాగా అందిస్తుంది. ఆర్ఎంకు అందులో అనుమానించాల్సిందేమీ కనిపించదు. ఆ వరుస రాసినవారికి ప్రమాదం తెలుసు. తెలిసిన సంగతి కామెంటులో ఆగిపోయింది, కామెంటును బాష్ చదవదు. మనం రాయాల్సింది వేరియబుల్ పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు వేసి, పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం. ఖాళీ అయినా, లేకపోయినా స్క్రిప్టు అక్కడే నిలిచిపోతుంది. తుడిచే ప్రతి వరుసలోనూ ఇది ఉండాలి. నా దృష్టిలో షెల్ స్క్రిప్టులో రాయగలిగిన అన్ని గుర్తుల్లోకీ విలువైనది ఈ కోలన్, ప్రశ్నార్థకమే.

సెట్ వరుసలో పెట్టిన ‘ఈ’ అనే ఆప్షన్ మీద మీకు చాలా భరోసా చెబుతారు, ఏ కమాండ్ తప్పినా స్క్రిప్టు ఆగిపోతుందని. కొంతవరకే నిజం. ఇఫ్ షరతులో పిలిచిన ఫంక్షన్ లోపల అది పనిచేయదు. రెండు యాంపర్‌శాండ్ల ముందున్న కమాండ్ తప్పినా అది పట్టించుకోదు. లోకల్ అని ప్రకటిస్తూ అదే వరుసలో ఒక కమాండ్ ఫలితాన్ని వేరియబుల్‌లో పెడితే, లోపలి కమాండ్ విఫలమైనా లోకల్ విజయమనే చెబుతుంది. అందుకే నేను ‘ఈ’ ఆప్షన్‌ను ఉంచుతాను, దాని మీద ఆధారపడను. లోకల్ ఒక వరుస, విలువ ఇవ్వడం వేరే వరుస. ప్రమాదకరమైన ప్రతి కమాండ్ పక్కనా, ఇది తప్పితే ఏం చేయాలన్నది చేత్తో రాస్తాను.

ఇప్పుడు కొన్ని ఫైళ్లు తయారుచేద్దాం. ప్రయోగానికి ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి, మన అలవాటు పేర్లే పెట్టండి. ఫోటోలు అని ఒక ఫోల్డర్. పెళ్లి ఫోటోలు అని ఇంకొకటి, మధ్యలో ఖాళీతో. రెండింటిలోనూ నాలుగేసి ఫైళ్లు వేయండి. పెళ్లి ఫోటోలు అన్న పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా ఆర్ఎం, ఆర్ఎఫ్ పక్కన రాసి ఎంటర్ కొట్టండి. ఎల్ఎస్‌తో చూడండి. పెళ్లి ఫోటోలు అలాగే ఉంది. ఫోటోలు పోయింది. ఖాళీ దగ్గర షెల్ ఆ పేరును రెండు ముక్కలు చేసింది. పెళ్లి అనే ఫోల్డర్ దొరకలేదు, ఆర్ఎఫ్ ఉంది కాబట్టి దొరకలేదని కూడా అనలేదు. ఫోటోలు దొరికింది. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. కోట్స్ ఎక్కడ అవసరమో ఆలోచించవద్దు, ప్రతిచోటా పెట్టండి. ఎక్కడ తీసేయాలో మాత్రం ఆలోచించండి.

2011లో బంబుల్‌బీ అనే లినక్స్ గ్రాఫిక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో యూఎస్ఆర్ అన్న మాటకూ దాని తర్వాతి స్లాష్‌కూ మధ్య ఒక్క ఖాళీ పడింది. వాడినవాళ్ల యంత్రాల్లో యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తుడిచే వరుస రాసిన వెంటనే, ముందు ఎకో చేర్చి ఒకసారి నడిపి, ఏం తుడవబోతోందో కళ్లారా చదవండి.

అదే ఫోల్డర్‌లో ఇంకో పేరు. హైఫన్, ఆర్, ఎఫ్ అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు సృష్టించండి. ఇప్పుడు ఉత్త ఆర్ఎం, స్టార్ కొట్టండి. ఆర్ఎం మామూలుగా ఫోల్డర్ల జోలికి పోదు. ఈసారి పోయింది, ఎందుకంటే స్టార్ విప్పినప్పుడు ఆ ఫైలు పేరు ఆప్షన్ వేషంలో దాని ముందుకొచ్చింది. పేర్ల ముందు రెండు హైఫన్లు రాస్తే అక్కడితో ఆప్షన్లు అయిపోయాయని ఆర్ఎంకు తెలుస్తుంది. లేదా పేర్లన్నీ చుక్క, స్లాష్‌తో మొదలయ్యేలా రాయండి.

తెలుగు పేర్ల సంగతి ఒకటి చెప్పాలి, ఇంగ్లీషులో రాసిన పాఠాల్లో ఇది మీకు దొరకదు. తెలుగు అక్షరాలకు బాష్ ఏమీ భయపడదు. చిక్కు పొడవులో ఉంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్ 8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. కృష్ణ అన్న చిన్న పేరులోనే క, సుడి, ష, పొల్లు, ణ అని ఐదు గుర్తులున్నాయి, అంటే 15 బైట్లు. మొత్తం పేరుకు 85 గుర్తులే దక్కుతాయి. ఎవరో పెళ్లిపత్రికలోని శీర్షికంత పేరు పెట్టుకున్నారనుకోండి. మీ స్క్రిప్టు దానికి తేదీ, బ్యాకప్ అన్న మాట తోక తగిలిస్తే హద్దు దాటుతుంది, ఆ ఒక్క ఫైలుకు బ్యాకప్ రాదు. బైట్ల లెక్కన పేరు కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి చదవరానిదవుతుంది. తేదీని ఫైలు పేరులో కాక ఫోల్డర్ పేరులో పెట్టండి. సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఇప్పుడు తుడిచే వరుసకు వద్దాం. ఫైండ్ రాయండి. ముందు చోటు, కోలన్ ప్రశ్నార్థకంతో, కోట్స్‌లో. తర్వాత మామూలు ఫైళ్లే అని, పేరు చివర లాగ్ అని, పది రోజులు దాటినవని. ఇక్కడో సూక్ష్మం ఉంది. ఫైండ్ రోజులను పూర్తి 24 గంటల లెక్కన కొలిచి భిన్నం వదిలేస్తుంది, కాబట్టి పది కంటే ఎక్కువ అంటే కనీసం 11 రోజులు. క్యోటో తేదీలు గుర్తు చేసుకోండి: డిసెంబరు 3 సాయంత్రం 5:32 నుంచి 14 సాయంత్రం 5:32 వరకు సరిగ్గా 11 రోజులు. చివర డిలీట్ రాయబోతున్నారు కదా, ఆగండి. ముందు ప్రింట్ రాయండి. నడపండి. జాబితాను చదవండి, తల ఊపడం కాదు, పేరుపేరునా చదవండి. అప్పుడు ప్రింట్ తీసి డిలీట్ పెట్టండి, అది తప్పకుండా చివరే ఉండాలి. ఫైండ్ షరతులను ఎడమ నుంచి కుడికి చూస్తుంది. డిలీట్ ముందు పడితే పేరు, వయసు చూడకముందే తుడుస్తుంది. మాటలన్నీ అవే, వరుస మారితే ఫోల్డర్ మాయం.

బ్యాకప్ వరుస మిగిలింది. డేటాబేస్ నుంచి డంప్ తీసి పైప్‌లో జీజిప్‌కు అందించి ఫైలులో రాస్తున్నారు. పరీక్షగా డేటాబేస్ పేరు తప్పు రాసి, పైప్‌ఫెయిల్ తీసేసి నడపండి. డంప్ విఫలమైంది. డాలర్, ప్రశ్నార్థకం కొట్టి ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా. అంటే విజయం. పైప్‌లో చివరి కమాండ్ మాటే షెల్‌కు చెల్లుతుంది, జీజిప్ తనకు అందినదాన్ని చక్కగా కుదించింది, అందింది శూన్యం. ఫైలు పొడవు చూడండి: 20 బైట్లు. శూన్యాన్ని జీజిప్ చేస్తే వచ్చేది అంతే. ఆ ఫైలు రోజూ రాత్రి సరైన పేరుతో, సరైన తేదీతో పుడుతూ ఉంటుంది. పైప్‌ఫెయిల్ తిరిగి పెట్టండి. ఇప్పుడు ఎగ్జిట్ కోడ్ సున్నా కాదు. దానితో పాటు ఒక షరతు రాయండి: పుట్టిన ఫైలు నిన్నటి దాంట్లో సగం కూడా లేకపోతే విఫలమైనట్టే.

ఈ షరతు అతి అనిపిస్తోందా? 2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పక్కన నిలబడండి. యూటీసీలో 11 గంటల ప్రాంతం, మనకు తెల్లవారి నాలుగున్నర. రెండు డేటాబేస్ సర్వర్లు, రెండు టెర్మినల్‌లు. రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ తుడవాలనుకుని మొదటి దానిలో తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపేశాడు. 300 జీబీ దాకా ఉన్నదాంట్లో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ ఉందిలే అని చూస్తే, ఉండాల్సిన చోట ఖాళీ. వేళకు పనులు నడిపే క్రాన్ రోజూ నడిపిన డంప్ ప్రోగ్రాము 9.2 వెర్షన్, డేటాబేస్ 9.6. వెర్షన్ కలవక అది రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన క్రాన్ ఈమెయిల్‌లు పంపినవారు అసలువారేనా అని చూసే డీమార్క్ పరీక్షలో నెగ్గక తిరస్కరణకు గురవుతున్నాయి. అదే ఇంజనీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక నకలు వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు పోయాయి. వాళ్లు కోలుకునే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, ఆ తర్వాత కారణాలన్నీ పూసగుచ్చినట్టు రాశారు. మన వృత్తిలో అంతకంటే పెద్ద ఉపకారం నాకు గుర్తు లేదు.

అందుకే విఫలమైతే చెప్పడం ఒక్కటే చాలదు. విజయవంతమైతే కూడా స్క్రిప్టు ఎక్కడో ఒకచోట తేదీ, సమయం రాయాలి. ఆ తేదీ 26 గంటల కంటే పాతబడితే ఇంకో యంత్రం నుంచి గంట మోగాలి. విఫలమైన స్క్రిప్టుకు నోరు పెగలకపోవచ్చు, కానీ ఆగిపోయిన తేదీ దాక్కోలేదు.

క్రాన్‌లో పెట్టే ముందు గుర్తుంచుకోండి, మీ టెర్మినల్‌లో ఉన్న వాతావరణం అక్కడ ఉండదు. పాత్ చాలాచోట్ల యూఎస్ఆర్ బిన్, బిన్ అనే రెండు ఫోల్డర్లకే పరిమితం. మీరు వేరే చోట ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాము దానికి దొరకదు. స్క్రిప్టు పైనే పాత్ రాసేయండి. క్రాంటాబ్ వరుసలో శాతం గుర్తు రాస్తే క్రాన్ దాన్ని కొత్త వరుసగా లెక్కిస్తుంది. డేట్ కమాండ్‌లో ఆ గుర్తు తప్పదు, కాబట్టి తేదీ పనులన్నీ స్క్రిప్టు లోపలే చేయండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే రాత్రి రెండు అని రాసిన పని హైదరాబాద్‌లో పొద్దున ఏడున్నరకు మొదలవుతుంది, సరిగ్గా జనం లాగిన్ అయ్యే వేళకు.

నిన్నటి పని ఇంకా ముగియకముందే ఈ రోజుది మొదలైతే? స్క్రిప్టు మొదట్లో ఎఫ్‌లాక్‌తో ఒక ఫైలు మీద తాళం వేయండి, తాళం దొరకకపోతే మాట చెప్పి తప్పుకోవాలి. ప్రాసెస్ నంబరును ఫైలులో రాసుకునే పాత పద్ధతి కంటే ఇది మేలు, ప్రాసెస్ ఎలా చచ్చినా కెర్నల్ ఆ తాళాన్ని తీసేస్తుంది. తాత్కాలిక ఫైళ్ల పేర్లను మీరు ఊహించి పెట్టవద్దు, ఎంకే టెంప్‌ను అడగండి. అవి పుట్టిన వెంటనే ట్రాప్‌లో ఎగ్జిట్ పేరు మీద శుభ్రం చేసే ఫంక్షన్ కట్టండి. కిల్ మైనస్ 9 కొడితే ట్రాప్ నడవదు, ఆ ఒక్క సందర్భానికి మిగిలిపోయిన చెత్తను మరుసటి రోజు స్క్రిప్టు గుర్తించగలగాలి.

ఇప్పుడు షెల్‌చెక్ నడపండి. విదార్ హోలెన్ హాస్కెల్ భాషలో రాసిన ఉచిత ప్రోగ్రాము ఇది. మీ స్క్రిప్టును నడపకుండానే చదివి తప్పులు చూపిస్తుంది. తెర మీద హెచ్చరికలు వచ్చాయి. ఎస్‌సీ 2086, కోట్స్ మరిచిన చోటు. అంత చెప్పుకున్నాక కూడా ఒకటి మిగిలింది చూడండి. కావాలనే, స్లాష్ స్టార్‌తో ముగిసే ఒక ఆర్ఎం, ఆర్ఎఫ్ వరుసలో కోలన్ ప్రశ్నార్థకం తీసేసి మళ్లీ నడపండి. ఎస్‌సీ 2115: ఈ పేరు ఖాళీ అయితే స్లాష్ స్టార్ అవుతుంది, కోలన్ ప్రశ్నార్థకం పెట్టమంటోంది. స్టీమ్ వరుస దీని ముందు పడితే అదే మాట వినిపిస్తుంది. ఈ ప్రోగ్రాము మౌనంగా ఉంటేనే స్క్రిప్టు సర్వర్ గడప దాటాలన్న నియమం మీ టీమ్‌లో పెట్టించండి.

స్క్రిప్టు వంద వరుసలు దాటితే ఇంకో భాషలో తిరగరాయమని గూగుల్ షెల్ నియమావళి చెబుతుంది. నేనైతే వరుసల కంటే పని చూస్తాను. ఒక జాబితాలోని వివరాలను ఇంకో జాబితాతో పోల్చాల్సి వచ్చిందంటే, జేసన్ లోపలి నుంచి మూడు మెట్లు దిగి విలువ తీయాల్సి వచ్చిందంటే, ఆ రోజే పైథాన్‌కు మారండి. షెల్ వేరే ప్రోగ్రాములను పిలవడంలో మహా నేర్పరి, డేటాను మోయడంలో కాదు.

చివరిగా ఫైలు పైకి వెళ్లి, షెబాంగ్ కింద నాలుగు వరుసల కామెంటు రాయండి. ఇది ఏం తుడుస్తుంది. దేన్ని ముట్టదు. సరిగ్గా నడిచిందని ఎక్కడ చూడాలి. నాలుగోది చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి: నడుస్తుండగా దీన్ని ఎలా ఆపాలి, సగంలో ఆపితే ఏది సగంలో ఉంటుంది, తర్వాత ఏం చేయాలి. షిఫ్టు మారాక తెల్లవారుజామున మూడింటికి ఈ ఫైలు తెరిచే మనిషి మీరు కాకపోవచ్చు, షెల్ గురించి మీ అంత తెలిసినవారూ కాకపోవచ్చు. ఆ వరుసను వాళ్లు పది సెకన్లలో వెతికి పట్టుకుని టైప్ చేయగలిగేలా, కమాండ్‌ను పూర్తిగా, ఉన్నదున్నట్టు రాయండి.